తీరాన రెండు రాడార్లు, కొండల మీంచి దిగే గాలివానలు

మార్చి నెలాఖరు నుంచి నైరుతి వచ్చేదాకా మన ఉత్తర కోస్తాలో సాయంత్రపు గాలివాన ఎటు నుంచి దిగుతుందో పార్వతీపురం నుంచి పొందూరు దాకా ఏ రైతునడిగినా ఒకటే చెబుతాడు: వాయవ్యం మూల నుంచి, కొండల మీంచి. దాన్ని ముందే కనిపెట్టాల్సిన డాప్లర్ రాడార్లు రెండూ సముద్రపు ఒడ్డునే ఉన్నాయి. ఒకటి విశాఖపట్నం కైలాసగిరి మీద, రెండోది ఇచ్ఛాపురం దాటాక ఒడిశా గోపాల్‌పూర్‌లో. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కోసం ఇకమీదట ఏ రాడార్ పెట్టినా తీరం మీద పెట్టవద్దని, కొండల పాదాల దగ్గరే పెట్టాలని నా వాదన. ఎందుకో లెక్కలతో చెబుతాను. అది వచ్చేలోగా ఉన్న రెండింటినీ ఎలా చదవాలో కూడా చెబుతాను, ఎందుకంటే వచ్చే వేసవి దాన్ని పెట్టేదాకా ఆగదు.

ఒడ్డున పెట్టడం తప్పని అనడం లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ అన్నీ సముద్రం మీంచే వచ్చాయి. తుపాను కన్ను ఎక్కడుందో, వాన పట్టీలు ఎటు తిరుగుతున్నాయో తెలియాలంటే రాడార్‌కు ఎదురుగా అడ్డులేని నీళ్లుండాలి. పది సెంటీమీటర్ల తరంగంతో పనిచేసే ఎస్ బ్యాండ్ రాడార్ ఆ పనికి సరైనది, ఎంత కుండపోత వానలోనైనా దాని శక్తి పెద్దగా తగ్గదు. అయితే తుపానుకు మూడు నాలుగు రోజుల ముందే ఉపగ్రహం, కంప్యూటర్ మోడళ్లు హెచ్చరిస్తాయి. కోరాపుట్, సాలూరు కొండల మీద మధ్యాహ్నం రెండింటికి పుట్టి, సాయంత్రం ఆరుకల్లా ఆమదాలవలస దాటిపోయే గాలివాన గురించి ముందురోజు చెప్పగలిగేది ఒక్కటే: ‘జిల్లాలో అక్కడక్కడా ఉరుములు, మెరుపులతో వాన పడవచ్చు’. ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది చివరి గంటలో రాడార్ చెప్పాలి. జీడితోటలో పిక్కలు ఏరుతున్నవాళ్లకీ, నువ్వుల చేలో ఉన్నవాళ్లకీ, మేకలు తోలుకెళ్లినవాళ్లకీ పనికొచ్చే గంట అదొక్కటే.

మొదట ఎత్తు సంగతి చూద్దాం. రాడార్ కిరణం నేలను అంటుకుని పోదు. అతి తక్కువ కోణం అర డిగ్రీ అనుకున్నా, దూరం పెరిగేకొద్దీ భూమి వంపు కింద జారిపోతూ ఉంటే కిరణం పైకి లేచిపోతుంది. మామూలు గాలిలో కిరణం కాస్త కిందికి వంగుతుంది కాబట్టి భూమి వ్యాసార్థాన్ని మూడింట నాలుగు వంతులు చేసి లెక్క కడతారు. ఆ లెక్కన, కైలాసగిరి కొండ ఎత్తును కూడా కలుపుకుంటే, దాదాపు 40 కి.మీ. దూరంలో ఉన్న విజయనగరం మీద కిరణం మధ్యభాగం 600, 700 మీటర్ల ఎత్తున పోతుంది. 85 కి.మీ. దూరంలో ఉన్న శ్రీకాకుళం మీద అది 1.3 కి.మీ. పార్వతీపురం మీద 2, టెక్కలి మీద 2.4, పలాస మీద 3 కి.మీ. పైమాటే. ఇచ్ఛాపురం దగ్గరకొచ్చేసరికి నాలుగున్నర కి.మీ. అయిపోతుంది. పైగా కిరణం సన్నని గీత కాదు. ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం 160 కి.మీ. దూరానికి 2.8 కి.మీ. మందానికి విచ్చుకుంటుంది. అంటే పలాస మీద విశాఖ రాడార్ చూపే ప్రతి చుక్కా సుమారు ఒకటిన్నర నుంచి నాలుగున్నర కి.మీ. మధ్య ఉన్నదంతా కలిపి తీసిన సగటు.

అందువల్ల ఉద్దానంలో ఉన్నవాళ్లు విశాఖ రాడార్ బొమ్మ చూసి ‘మన మీద ఏమీ లేదు’ అనుకోకూడదు. పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వాళ్లు గోపాల్‌పూర్ బొమ్మ తెరవాలి. పలాస మీద దాని కిరణం ఒక కి.మీ. ఎత్తులోనే ఉంటుంది. టెక్కలికి కూడా గోపాల్‌పూరే మేలు. శ్రీకాకుళం, ఎచ్చెర్ల, చీపురుపల్లి, విజయనగరం వాళ్లకు విశాఖ.

ఇంత ఎత్తున చూస్తే ఏం పోతుందంటే, గాలివానకు ముందు దూసుకొచ్చే చల్లగాలి పోతుంది. మేఘంలోంచి కిందికి పడిన చల్లటి గాలి నేలను తాకి నాలుగు వైపులా విరజిమ్ముతుంది. దాని ముందు అంచు రాడార్‌లో సన్నటి గీతలా, 10 నుంచి 20 డీబీజెడ్ (రాడార్‌కు తిరిగొచ్చే శక్తిని చెప్పే కొలత) మధ్య కనిపిస్తుంది, అదీ దగ్గర్లో ఉంటేనే. దాని మందం మామూలుగా ఒక కి.మీ. అటూఇటూ. కిరణం అంతకంటే పైన పోతే గీత ఉండదు. వాన మొదలవకముందే స్తంభాలు పడేసి, అరటి తోటను నేలమట్టం చేసేది ఆ అంచే. విజయనగరం చుట్టుపక్కల దాన్ని పట్టుకోవచ్చు, పార్వతీపురం, పాలకొండల్లో పట్టుకోలేం.

కొండల అడ్డు దీనికి తోడు. విశాఖకు వాయవ్యాన అనంతగిరి, గాలికొండ వరుసలు ఉన్నాయి, వాటిలో శిఖరాలు 1,500 మీటర్లు దాటుతాయి. ఆ దూరంలో అర డిగ్రీ కిరణం ఇంకా ఒక కి.మీ. దగ్గరే ఉంటుంది కాబట్టి కొండకు కొట్టుకుంటుంది. దాని వెనక అరకు, కోరాపుట్ వైపు పుట్టిన మేఘం పై భాగం ఎక్కువ కోణంలో కనిపిస్తుంది, అడుగు భాగం కనిపించదు. గోపాల్‌పూర్ వైపు 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. అక్కడి నుంచి మహేంద్రగిరి మీదుగా గీత గీసి పొడిగిస్తే పాతపట్నం, హిరమండలం ప్రాంతం మీద పడుతుంది. హిరమండలంలోనే వంశధార మీద గొట్టా బ్యారేజీ ఉంది. దానికి ఎగువన గుణుపూర్ వైపు ఎంత వాన పడుతోందో తెలియడం శ్రీకాకుళానికి ప్రాణావసరం. ఆ పరీవాహకం గోపాల్‌పూర్‌కు గజపతి కొండల చాటున పడింది, విశాఖకు 150 కి.మీ. అవతల, మూడు కి.మీ. ఎత్తున.

ఇవన్నీ ఒక ఎత్తు, గాలి వేగం సంగతి ఒక ఎత్తు. నా వాదనకు అసలు బలం అక్కడే ఉంది. డాప్లర్ రాడార్ కొలిచేది గాలి మొత్తం వేగాన్ని కాదు. రాడార్ వైపు వస్తున్న, లేదా రాడార్ నుంచి దూరంగా పోతున్న భాగాన్ని మాత్రమే కొలుస్తుంది. అడ్డంగా పోయే గాలి దానికి సున్నా. ఇప్పుడు మ్యాపు తెరవండి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది. విశాఖ నుంచి చూస్తే శ్రీకాకుళం దాదాపు సరిగ్గా ఈశాన్యాన ఉంది. గోపాల్‌పూర్ నుంచి చూస్తే సరిగ్గా నైరుతిన ఉంది. గాలివాన వచ్చేది వాయవ్యం నుంచి, పోయేది ఆగ్నేయానికి. అంటే శ్రీకాకుళం మీద సెకనుకు 20 మీటర్ల వేగంతో, గంటకు 72 కి.మీ. అన్నమాట, ఈదురుగాలి కొడుతున్నా రెండు రాడార్ల వేగం బొమ్మల్లోనూ అక్కడ సున్నాకు దగ్గరి రంగే కనిపిస్తుంది. ఒక రాడార్‌కు అడ్డంగా పోయే గాలిని రెండో రాడార్ పట్టుకోవాలన్నదే రెండు రాడార్లు ఉండటంలో ఉన్న లాభం. ఒకే గీత మీద ఎదురెదురుగా నిలబెట్టడంతో ఇక్కడ ఆ లాభం పోయింది. తుపానుకు ఈ ఇబ్బంది అంతగా రాదు, ఎందుకంటే సుడి తిరిగే గాలి ఏదో ఒక చోట రాడార్‌కు ఎదురుగా వచ్చి తీరుతుంది.

అదే రాడార్ పార్వతీపురం దగ్గర ఉంటే? శ్రీకాకుళం అక్కడికి సరిగ్గా ఆగ్నేయాన, సుమారు 72 కి.మీ. దూరంలో ఉంది. గాలివాన నడిచే దారీ, రాడార్ చూసే దారీ ఒకటే అవుతాయి. వేగం పూర్తిగా దొరుకుతుంది. కిరణం శ్రీకాకుళం మీద ఒక కి.మీ. దగ్గర ఉంటుంది, వీరఘట్టం, పాలకొండల మీద ఇంకా కిందికి వస్తుంది. తీరంలోని రాడార్‌తో కలిపి చూస్తే గాలి రెండు భాగాలూ తెలిసి, నేల దగ్గర అసలు గాలి ఎటు, ఎంత అన్నది లెక్క కట్టవచ్చు.

వేగం బొమ్మలో ఇంకో మోసం ఉంది. రాడార్ విడివిడిగా వదిలే తరంగపు తునకలను పల్సులంటారు. వాటి మధ్య విరామం పెంచితే రాడార్ ఎక్కువ దూరం చూడగలదు, కానీ కొలవగల గరిష్ఠ వేగం తగ్గుతుంది. పది సెంటీమీటర్ల తరంగానికి సెకనుకు 600 పల్సులు పంపితే 250 కి.మీ. దాకా చూడవచ్చు, వేగం మాత్రం 15 మీటర్లు దాటితే తిరగబడుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో దూరంగా పోతున్న గాలి, 10 మీటర్ల వేగంతో దగ్గరకొస్తున్నట్టు చూపిస్తుంది. వెయ్యి పల్సులు పంపితే 25 మీటర్ల దాకా సరిగ్గా చెబుతుంది, చూపు 150 కి.మీ.కు కుదించుకుపోతుంది. రెండు రకాల పల్సులు మార్చి మార్చి పంపి దీన్ని సరిదిద్దుతారు, అయినా గాలివాన అంచుల్లో తప్పులు మిగులుతాయి. బొమ్మలో గట్టి రంగు పక్కనే ఒక్కసారిగా వ్యతిరేక రంగు కనబడితే అది సుడిగాలి అని కంగారు పడే ముందు ఇది గుర్తు చేసుకోవాలి. వ్యతిరేక రంగు నడుమ సున్నా రంగు లేకుండా గరిష్ఠం నుంచి గరిష్ఠానికి దూకితే అది ఎక్కువగా ఈ తిరగబాటే.

ఉన్న రాడార్లతో చివరి గంటను ఎలా పట్టుకోవాలంటే, పని పొద్దున్నే మొదలవుతుంది. ఉదయం 5:30కి విశాఖలో వదిలే బెలూన్ నివేదికలో మూడు విషయాలు చూడాలి. కింది ఒక కి.మీ. పొరలో తేమ ఎంత మందంగా ఉందో, నీరు గడ్డకట్టే మట్టం, అంటే సున్నా డిగ్రీల ఎత్తు ఎక్కడుందో, మైనస్ 10 డిగ్రీలు ఎక్కడుందో. మన దగ్గర వేసవిలో సున్నా డిగ్రీలు 5 కి.మీ. అటూఇటూ, మైనస్ 10 డిగ్రీలు ఆరున్నర, ఏడు కి.మీ. మధ్య ఉంటాయి. ఆ రెండో సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోవాలి, మధ్యాహ్నం అదే పనికొస్తుంది.

రాడార్ బొమ్మల్లో ఎక్కువమంది చూసేది మ్యాక్స్ జెడ్. ఒక్కో చోట నిట్టనిలువునా అన్ని ఎత్తుల్లో ఉన్న ప్రతిఫలనాల్లో ఏది గరిష్ఠమో దాన్ని ఇది చూపుతుంది. అక్కడ ఎరుపు ఉన్నంత మాత్రాన నేల మీద వాన పడుతోందని కాదు, 6 కి.మీ. ఎత్తున వడగళ్లు వేలాడుతూ ఉండవచ్చు. అందుకే బొమ్మకు పైనా పక్కనా ఉండే నిలువు కోతలు చూడాలి, ఎత్తు వాటిలోనే ఉంటుంది. పొద్దున రాసుకున్న మైనస్ 10 డిగ్రీల ఎత్తు దగ్గర 40 డీబీజెడ్ చేరిందంటే ఆ మేఘంలో మంచు పలుకులు, వడగళ్ల గింజలు ఒకదాన్నొకటి రాసుకుని విద్యుదావేశం విడిపోతోందని అర్థం. చాలాసార్లు మొదటి పిడుగుకు పావుగంట ముందే ఈ గుర్తు కనిపిస్తుంది. 50 డీబీజెడ్ సున్నా మట్టాన్ని బాగా దాటి పైకి పోతే వడగళ్లు, కింద ఈదురుగాలి రెండింటికీ సిద్ధపడాలి. ఆ ముద్ద రెండు వరుస బొమ్మల మధ్య ఒక్కసారిగా కిందికి కుంగితే గాలి నేల మీద పడబోతోంది. వేగం బొమ్మ సున్నా చూపే శ్రీకాకుళం లాంటి చోట ఈ కుంగుబాటే మనకు మిగిలిన ఆధారం.

బొమ్మ మీద సమయం చాలాచోట్ల యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో ఉంటుంది. 11:00 అని ఉంటే మనకు సాయంత్రం 4:30. కొత్తగా చూసేవాళ్లు ఇక్కడే ఎక్కువగా తప్పులో కాలేస్తారు, పాత బొమ్మను కొత్తదనుకుంటారు. ఒక చుట్టు పూర్తవడానికి దాదాపు పది నిమిషాలు, బొమ్మ తయారై వెబ్‌సైట్‌కు చేరడానికి మరికొంత. కాబట్టి మన చేతికొచ్చిన బొమ్మలో మేఘం ఎక్కడుందో ఇప్పుడు అక్కడ లేదు. పది నిమిషాల తేడాతో ఉన్న రెండు బొమ్మల్లో ఎకో, అంటే మేఘం గుర్తు, 7 కి.మీ. జరిగితే వేగం గంటకు 42 కి.మీ. వీరఘట్టం మీద ఉన్న మేఘం 43 కి.మీ. దూరంలోని ఆమదాలవలస చేరడానికి గంట. అందులోంచి బొమ్మ వయసు తీసేయాలి. బొమ్మ పావుగంట పాతదైతే మిగిలింది ముప్పావుగంటే.

ఈ లెక్క దెబ్బతినేది రెండు చోట్ల. పాత మేఘం చచ్చిపోతూ వదిలిన చల్లగాలి అంచు మీద కొత్త మేఘం ఐదు, పది కి.మీ. ముందే పుట్టుకొస్తుంది. వరుస నెమ్మదిగా నడుస్తున్నట్టు కనిపించి ఒక్క దూకు దూకుతుంది. రెండోది సముద్రపు గాలి. మధ్యాహ్నం తీరం నుంచి లోపలికి జరిగిన తేమగాలి అంచును కొండ గాలివాన ఢీకొన్నప్పుడు, నీరసపడుతున్న మేఘం కూడా పది నిమిషాల్లో లేచి నిలబడుతుంది. అందుకే గంట దాటిన అంచనాను ఊరి పేరుతో చెప్పకూడదు, మండలాల గుంపుతో చెప్పాలి. అరగంట లోపల ఊరి పేరు చెప్పవచ్చు.

‘పిడుగు సెన్సర్లు ఉన్నాయి, దామిని యాప్ ఉంది, ఇక రాడార్ ఎందుకు’ అని అడిగేవాళ్లున్నారు. దామిని మంచి యాప్, ప్రతి ఫోన్‌లో ఉండాల్సిందే. సెన్సరు మాత్రం మెరుపు మెరిశాకే చెబుతుంది. ఒక ఊళ్లో మొదటి పిడుగే ప్రాణం తీస్తే ఆ ఊరికి అది ముందస్తు సమాచారం కాదు. గాలి గురించీ, వాన ఎంత పడుతుందన్న దాని గురించీ అది ఏమీ చెప్పదు.

ఇక భారీ వాన. రాడార్ వానను కొలవదు, చినుకుల నుంచి తిరిగొచ్చిన శక్తిని కొలుస్తుంది. దాన్ని మిల్లీమీటర్లుగా మార్చేది ఒక సూత్రం. 1948 నాటి మార్షల్, పామర్ సూత్రం ప్రకారం వాన తీవ్రతను 1.6 ఘాతానికి హెచ్చించి 200తో గుణిస్తే ప్రతిఫలనం వస్తుంది. తుపాను, వాయుగుండం వానల్లో చినుకులు చిన్నవి, లెక్కకు మిక్కిలి. వాటికి 250, 1.2 అంకెలతో ఉన్న ఉష్ణమండల సూత్రం దగ్గరగా సరిపోతుంది. తేడా చూడండి. 45 డీబీజెడ్‌కు మొదటి సూత్రం గంటకు 24 మి.మీ. అంటుంది, రెండోది 56 మి.మీ. ఒకే రంగు, రెండింతలు దాటిన తేడా. వేసవి గాలివానకు ఉష్ణమండల సూత్రం వాడితే వడగళ్లను వాననుకుని అంకె ఆకాశానికి పోతుంది. అక్టోబరు వాయుగుండానికి పాత సూత్రం వాడితే నాగావళి, వంశధారల ఎగువన పడినదాంట్లో సగం కూడా లెక్కలోకి రాదు. ముసురు వానలో సున్నా డిగ్రీల మట్టం దగ్గర కరుగుతున్న మంచు నీటిపొర కప్పుకుని మెరుస్తుంది. కిరణం సరిగ్గా ఆ 5 కి.మీ. పొరను కోసే దూరంలో, నిజానికి పడని భారీ వాన ఒక వలయంలా కనిపిస్తుంది. విశాఖ బొమ్మలో ఇచ్ఛాపురం ఆ వలయానికి దగ్గరే.

మందు మన చేతిలోనే ఉంది: మండలాల్లోని ఆటోమేటిక్ వర్షమాపకాలు. వాటి గంట గంట అంకెలతో రాడార్ అంచనాను సరిదిద్దాలి. ఒక పరీవాహకంలోని మాపకాలన్నీ కలిపి 90 మి.మీ. చూపి, అదే చోట్ల రాడార్ మొత్తం 50 చూపితే, మాపకాలు లేని కొండల మీద కూడా రాడార్ అంకెను 1.8తో గుణించి చూడాలి. ముందు మాపకం మాట నమ్మదగ్గదై ఉండాలి. గరాటులో ఎండుటాకులు, కందిరీగల గూడు, ధూళి చేరితే జోరువానలో నీళ్లు నెమ్మదిగా దిగి, వాన వెలిసిన గంటకు కూడా మాపకం చినుకులు లెక్కపెడుతూ ఉంటుంది. ఆ ఆలస్యమే దాని జబ్బుకు గుర్తు. ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి గరాటు తీసి కడిగి, కొలిచిన నీళ్లు నెమ్మదిగా పోసి సరిచూడటం ఒక మనిషికి అరగంట పని. కొత్త రాడార్ కన్నా ముందు దీనికి డబ్బు పెట్టాలని నేను అంటాను.

రాడార్ విషయానికి మళ్లీ వస్తే, 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్లతో మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది, దేశంలో రాడార్లు పెంచడం అందులో భాగం. ఇలాంటప్పుడే చోటు గురించి గట్టిగా అడగాలి. పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి నడుమ ఏదైనా ఒంటరి గుట్ట చాలు, మరీ ఎత్తు అక్కర్లేదు, ఆగ్నేయం వైపు అడ్డు లేకపోతే సరి. మూడు సెంటీమీటర్ల ఎక్స్ బ్యాండ్ రాడార్ చవక, ఒక డిగ్రీ కిరణానికి 2.4 మీటర్ల డిష్ సరిపోతుంది. కానీ మన వానకు అది నిలవదు, ముందున్న కుండపోత వెనకున్న కుండపోతను దాచేస్తుంది. ఎస్ బ్యాండ్‌కు అదే కిరణం కావాలంటే ఎనిమిదిన్నర మీటర్ల డిష్, దానికి తగ్గ భవనం కావాలి. ఇక్కడికి అయిదు సెంటీమీటర్ల సి బ్యాండ్, నాలుగున్నర మీటర్ల డిష్, రెండు ధ్రువణాలతో, అంటే తరంగాన్ని అడ్డంగానూ నిలువుగానూ పంపి పనిచేసేది సరిపోతుందని నా అభిప్రాయం. రెండు ధ్రువణాలుంటే వడగళ్లనూ వాననూ వేరుచేయవచ్చు, వానలో పోయిన శక్తిని సరిదిద్దుకోవచ్చు. దాని బలహీనత ఒకటుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై పరికరాలు అదే పౌనఃపున్యంలోకి చొరబడి బొమ్మలో చువ్వల్లాంటి గీతలు వేస్తాయి. గుట్ట చుట్టూ ప్రైవేటు టవర్లకు అనుమతులిచ్చే ముందే ఇది చూసుకోవాలి. కరెంటుకు జనరేటరు, దానికి మూడు రోజుల డీజిల్, సమాచారానికి ఫైబరుతోపాటు ఉపగ్రహ లింకు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరం దాటినప్పుడు కైలాసగిరి రాడార్ దెబ్బతింది. తీరానికి దూరంగా ఇంకొకటి ఉండాలనడానికి అదొక కారణం కూడా.

ఇంత చేసినా కబురు పొలానికి చేరేది మాటల్లోనే. వాతావరణ శాఖ మూడు గంటల నౌకాస్ట్‌లో, అంటే తక్షణ సూచనలో, గాలిని గంటకు 41 నుంచి 61 కి.మీ., 62 నుంచి 87, ఆపైన అని విడగొడుతుంది. ఆ తరగతులు అధికారులకు అవసరం. సచివాలయం మైకులోనూ ఫోన్‌కు వచ్చే సందేశంలోనూ మాత్రం ఎటు నుంచి, ఏ మండలాలకు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఏం చేయాలి అన్న నాలుగే ఉండాలి: ‘వీరఘట్టం, పాలకొండ వైపు నుంచి గాలివాన వస్తోంది. బూర్జ, ఆమదాలవలస, శ్రీకాకుళం మండలాల్లో సాయంత్రం 5:15 నుంచి 6:15 మధ్య పిడుగులు, చెట్లు పడేంత గాలి. పొలాల్లో ఉన్నవాళ్లు ఇప్పుడే పక్కా ఇంట్లోకి వెళ్లండి. తాటి, కొబ్బరి, చింత చెట్ల కింద నిలబడవద్దు.’ మేఘం దాటిపోయాక రెండో సందేశం కూడా పంపాలి, చివరి ఉరుము వినిపించిన అరగంటకు. అది రాకపోతే, మర్నాడు మొదటి సందేశం విన్నవాళ్లు ఎంతసేపు లోపల ఉండాలో తెలియక మధ్యలోనే మేకల కోసం బయటికి వచ్చేస్తారు.